నాగార్జునకొండపై ఒక దినము

భూగోళ పాఠములలో దూరదేశపు ద్వీపముల పేర్లను తడబడక చెప్పగల మన విద్యార్థులలో, తమ ఇంటికి ఒక్కపూట ప్రయాణములోనే ఒక ద్వీపము కలదని యెరిగినవారు మిక్కిలి తక్కువ. ఆ ద్వీపము సముద్రములోనిది కాదు. కృష్ణానది నీటి నడుమ నున్నది. అది ఆదినుండియు ద్వీపమును గాదు. మూడువైపుల నల్లమల కొండలును, నాలుగవ వైపున కృష్ణయు కావలి కాచెడి ఒక లోయలో అది యొక కొండగా నుండెను. నాగార్జునసాగరపు ఆనకట్ట వెనుక నీరు నిలిచిన పిదప లోయ మునిగి, కొండ శిఖరము మాత్రము పైకి మిగిలినది. దానినే నాగార్జునకొండ యందురు.

గడచిన సంక్రాంతి సెలవుల పిమ్మట ఒక శనివారమున మేము ఈ ద్వీపమును చూడబోతిమి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ముప్పది యిద్దరు, ఉపాధ్యాయులము నలుగురము. వీరు గాక, మా బడిలో చిరకాలము లెక్కలు బోధించి యిప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న పెద్దమాస్టారు కూడ మాతో వచ్చిరి. వారిని పిలువబోయినప్పుడు, "నేను చూచిన చోటే గదా, పిల్లలను తీసికొని మీరు పోయి రండు" అని మొదట తప్పించుకొన జూచిరి. పిల్లలు వారి అరుగు మీద కూర్చుండి, వారు సరేయనునంత వరకు లేవకపోయిరి.

బయలుదేరుటకు ముందే పిల్లలకు ఒక మాట చెప్పితిమి. "ఈ దినమున పరీక్ష లేదు, రేపు వ్యాసము వ్రాయుమని ఎవ్వరును అడుగరు. తొందరపడక, కన్నులు తెరచుకొని చూడుడు. అంతియే మీ పని." ఈ మాటకు వారు పొందిన సంతోషము పలనాటి దారి పొడవునను పాటల రూపమున వినవచ్చెను. పులిహోర గిన్నెలు, పెరుగన్నపు డబ్బాలు, పండుగనాటి అరిసెలు, చక్రాలు బస్సు వెనుక భాగమున సగము స్థలము నాక్రమించెను. మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరునప్పటికి ఎండ యింకను లేతగానే యుండెను. అచ్చట టిక్కెట్లు తీసికొని లాంచీ యెక్కితిమి.

లాంచీ కదలగనే పిల్లల అల్లరి తనంతట తానే అణగెను. నీరు అంత విస్తారము, అంత నిశ్చలము. మేఘము నీడ పడినచోట నల్లగాను, ఎండ తగిలినచోట పచ్చగాను ఉండెను. దూరముగా ఆనకట్ట ఒక బూడిదరంగు గీతవలె కనబడెను. ఆ గీత యెత్తు 124 మీటర్లనియు, దానికి 26 గేట్లు కలవనియు చెప్పినప్పుడు పిల్లలు మరల వెనుకకు తిరిగి చూచిరి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు దీనికి శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. కుడి యెడమ కాలువలు రెండును కలిసి సుమారు 22 లక్షల ఎకరములకు నీరందింపవలెనని ఏర్పాటు. మా బడి వెనుకనున్న మాగాణి కుడికాలువ క్రిందిదే. "అయితే మన బడిలో వండెడి మధ్యాహ్నపు అన్నము ఈ నీటిదే గదా, మాస్టారూ!" అని తొమ్మిదవ తరగతి బాలుడొకడు అనెను. అవును, ఆ నీటిదే.

సుమారు గంటసేపటికి కొండ దగ్గరపడెను. రేవునుండి పైకి పోవు దారికి ఇరుప్రక్కల చెట్లు, పూలమొక్కలు. నడుమ నడుమ మధ్యయుగమునాటి కోటగోడల శిథిలములు. ఎండ ముదురకముందే ఆరుబయటి కట్టడములను చూడవలెనని నిశ్చయించి, మొదట స్నానఘట్టము కడకు పోతిమి. పలనాటి సున్నపురాతి పలకలను చక్కగా తీర్చి పేర్చిన మెట్లు అవి. ఒకప్పుడు లోయలో, కృష్ణ యొడ్డున నుండినవి. ఆ మెట్లపై దిగి జనులు నీళ్లాడిరి. ఇప్పుడు కొండపైకి తెచ్చి మరల కూర్చిన ఆ మెట్లకు నాలుగు దిక్కులను నీరే. కాని ఏ మెట్టునకును నీరు తగులదు. పిల్లలు ఆ మెట్లపై వరుసగా కూర్చుండి, తమ పాదముల క్రింద నీరున్నట్లు కాళ్లు ఊపుచు నవ్వుకొనిరి.

అచ్చటినుండి మహాచైత్యమునకు పోతిమి. దీని అడ్డుకొలత 106 అడుగులు. లోపలి కట్టడము బండిచక్రమువలె నుండును. నడుమ కుంభమునుండి ఆకులవలె గోడలు బయలుదేరి చుట్టుగోడను చేరును. ఆ గోడల నడుమ మట్టి నింపి, పైన గుండ్రముగా మూసిరి. మా బండ్లు చేయు వడ్రంగివాని కుమారుడు ఇది విని, "ఆకులుంటే బరువు ఒకేచోట పడదు" అని వెంటనే చెప్పెను. చరిత్ర పాఠములో ఎన్నడును నోరు విప్పని వాడు అతడు. ఆ దినము మొదలుకొని వానిని చరిత్రలో మందుడని మేము తలచుటలేదు.

ఈ చైత్యమును పూర్తి చేయించినది ఒక స్త్రీ. క్రీ. శ. 3వ శతాబ్దమున ఈ లోయలో విజయపురి యను నగరము రాజధానిగా ఇక్ష్వాకులు రాజ్యమేలిరి. మొదటి రాజైన శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. అతని సోదరి శాంతిశ్రీ బుద్ధుని మార్గము నాదరించి, వీరపురుషదత్తుడను రాజు ఏలుబడిలో 6వ యేట మహాచైత్యపు పని ముగింపించెను. చైత్యమునకు నాలుగు దిక్కుల ఒక్కొక్క వేదికపై అయిదేసి ఆయకస్తంభములు నిలుపుట ఈ దేశపు ఆచారము. ఆ స్తంభములపైనే ఆమె దానము ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కబడియున్నది. ఒకే యింట అన్న యజ్ఞము చేయుటయు, చెల్లెలు చైత్యము కట్టించుటయు మా పిల్లలకు వింతగా తోచెను. వారి కాలపు జనులకు అది అంత వింతగా తోచినట్లు లేదు.

రాచయింటివారు మాత్రమే గాదు. బోధిశ్రీ యను ఉపాసిక సింహళమునుండి వచ్చిన ఆచార్యులకొరకు చైత్యగృహము కట్టించెను. కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, ద్రమిళ దేశముల పేర్లు ఆమె శాసనమున కలవు. ఆ ఆచార్యులు ఆయా దేశములలో ధర్మమును వ్యాపింపజేసిన వారట. ఈ లోయలో ముప్పదికి పైగా బౌద్ధారామములు ఉండెను. ఆచార్య నాగార్జునుడు ఇచ్చట నివసించెనని ఐతిహ్యము. కొండకు ఆ పేరు అందువలననే నిలిచినది. వానకాలపు బురదలో ప్రక్క ఊరికి పోవుటకే వెనుదీయు మనము, చీనాకును సింహళమునకును ఎరుకపడిన పలనాటి లోయను తలచుకొని కొంతసేపు మౌనముగా నుంటిమి.

అటుపిమ్మట మ్యూజియములో ప్రవేశించితిమి. బౌద్ధవిహారము తీరున కట్టిన ఈ భవనము 1966లో తెరువబడినది. రాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు శిల్పముల వరకు ఇందు కలవు. బుద్ధుని జననము, గృహత్యాగము, జాతకకథలు సున్నపురాతిపై ఎంత సన్నగా మలచిరనగా, ఒక స్త్రీ చేతి గాజులను బాలికలు లెక్కపెట్టిరి. యుద్ధములలో మడిసిన భటులకు నిలిపిన ఛాయాస్తంభములను బాలురు వదలిరాకుండిరి.

అచ్చటనే మేము పిల్లలకు ఒక ఉపాధ్యాయుని కథ చెప్పితిమి. వందలయేండ్లు ఈ లోయ అడవిపడి యుండెను. పశువుల కాపరులు ఆ స్తంభముల నీడలో కూర్చుండిరి. కట్టెలవారు వానికి ఆనుకొని అలసట తీర్చుకొనిరి. అందరును చూచిరి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య యను స్థానిక ఉపాధ్యాయుడు కూడ ఒక స్తంభమును చూచెను. కాని ఆయన చూచి ఊరకుండలేదు. మద్రాసు ప్రభుత్వమువారికి తెలియజేసెను. పురాతత్త్వ శాఖలో శాసనములు చూచెడి సరస్వతిగారు వచ్చి పరిశీలించిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొరగారును, 1938 మొదలు 1940 వరకు టి. ఎన్. రామచంద్రన్‌గారును త్రవ్వించిరి. ఆనకట్ట కట్టుట నిశ్చయమైన పిదప, నీరు రాకముందే లోయనంతయు శోధింపవలెనని, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున పెద్దయెత్తున త్రవ్వకములు సాగెను. ముఖ్యమైన కట్టడములు కొన్ని కొండపైకి తరలివచ్చెను. ప్రాచీన విహారమును, మెట్ల వరుసలతోడి ప్రేక్షకశాలయు ఒడ్డుననున్న అనుపు వద్ద మరల నిర్మింపబడెను. 1926లో ఆ ఉపాధ్యాయుడు, "నాకెందుకు?" అనుకొని యింటికి పోయియుండినచో, శోధనకు ఎంత కాలము మిగిలెడిదో ఆలోచింపుడని పిల్లల నడిగితిమి. ఎవ్వరును బదులు చెప్పలేదు. అది బదులు కోరి అడిగిన ప్రశ్నయు గాదు.

మ్యూజియములో ఒకచోట మునిగిన లోయ యొక్క నమూనా కలదు. కొండలు, నది, ప్రాచీన కట్టడములు అందులో ఏవి ఎచ్చట నుండెనో తెలియును. పిల్లలందరు దాని చుట్టు మూగి, మహాచైత్యమేది, ప్రేక్షకశాల యేది అని వెదకుచుండిరి. అంతవరకు మాటలాడక వెనుక నడచుచుండిన పెద్దమాస్టారు ముందుకు వచ్చి, కళ్లజోడు తుడుచుకొని, నమూనాపై వంగి చాలసేపు చూచిరి. తరువాత, ఏ కట్టడమును గుర్తింపబడని ఒక వట్టి జాగాను వ్రేలితో చూపి, "మా యిల్లు ఇక్కడ" అనిరి.

మేము వారితో పదునెనిమిదేండ్లు ఒకే గదిలో కూర్చుండి పనిచేసితిమి. వారు మునిగిన ఊరివారని వినియుంటిమిగాని, ఆ ఊరు ఈ లోయలోనిదని అప్పుడే తెలిసినది. "చూచిన చోటే గదా" అను మాటకు అర్థమును అప్పుడే తెలిసినది.

చెట్టు నీడను ప్రార్థన చేసికొని భోజనమునకు కూర్చుంటిమి. పెద్దమాస్టారికి ముందుగా వడ్డించి, పిల్లలు వారి చుట్టు చేరిరి. పదవ తరగతి బాలిక యొకతె, "మాస్టారూ, మీ ఊరిని ఆ నమూనాలో ఎందుకు పెట్టలేదు?" అని అడిగెను. ఆ ప్రశ్నకు మేము కొంచెము కలతపడితిమిగాని వారు నవ్విరి.

"అమ్మాయీ, మా ఊరు పాతది గాదు గదా! పదునేడువందల యేండ్ల నాటిదైతే పెట్టియుందురు" అని, తరువాత నెమ్మదిగా ఇట్లు చెప్పిరి. "మా నాయన త్రవ్వకములలో కూలికి పోయెడివాడు. నాకప్పుడు పండ్రెండేండ్లు. కావడితో మంచినీళ్లు మోసి కూలివాండ్రకు పోసెడివాడను. చైత్యపు రాళ్లను పసిబిడ్డల నెత్తినట్లు ఎత్తిరి. అది మంచిపని, ఎత్తకపోయినచో ఈనాడు మీకు చూపుటకు ఏమియు నుండెడిది గాదు. మేము ఊరు విడుచునాడు మా అమ్మ తిరుగలిని బండిలో వేయించినది. 'బరువు, వద్దు' అని మా నాయన అనినను వినలేదు. అంతే. మా యింటి తక్కిన రాళ్లన్నియు క్రిందనే ఉన్నవి."

"మీకు కోపము రాలేదా?" అని మరియొక పిల్లవాడు అడిగెను.

"వచ్చినది. మా నాయనకు చివరి వరకును పోలేదు. నాకు కాలువలో నీళ్లు వచ్చిన యేడు సగము పోయినది. మేము చేరిన క్రొత్త ఊరిలో మొదటి వరిపంట కోసినప్పుడు, మా అమ్మ ఆ తిరుగలిలోనే క్రొత్తబియ్యము విసరి పిండివంట చేసినది. తింటిని. రుచిగానే ఉండెను. తక్కిన సగము కోపమును ఏమి చేయవలెనో నాకిప్పటికిని తెలియదు." ఇట్లని వారు పెరుగన్నము కలుపుకొనిరి.

చదువరులారా, ఆనకట్ట కట్టుట మంచిదా కాదా యని మేము పిల్లలచేత వాదము చేయింపలేదు. ఆ నీటి అన్నము తినుచు అట్టి వాదము చేయుట సులభమును గాదు. ఎండిన చేలకు నీరు వచ్చినది. లక్షల కుటుంబములు బ్రతికినవి. ఆ నీటికి చోటిచ్చుటకు కొన్ని పల్లెలు లేచిపోయినవి. ఈ రెండును నిజములే. ఒకటి రెండవదానిని కొట్టివేయదు. కాని ఒక్క తేడా మాత్రము మాకు తోచినది. శాంతిశ్రీ పేరు రాతిపై నున్నది గనుక మనకు తెలిసినది. తిరుగలిని వదలని ఆ తల్లి పేరు ఏ రాతిపైనను లేదు. పెద్దమాస్టారు ఆ దినము చెప్పకయున్నచో మా పిల్లలకు తెలిసెడిది గాదు. వారి పిమ్మట చెప్పగలవారును లేరు.

మధ్యాహ్నమంతయు తీరికగా తిరిగితిమి. కొందరు కోటగోడల వెంబడి నడచిరి. కొందరు గడ్డిపై పడుకొని నిద్రించిరి. చిన్నవారు స్నానఘట్టపు మెట్లమీద అచ్చనగాయలాడిరి. ఇంతటి విశ్రాంతితో పిల్లలు ఒక చోటును చూచుట మేమెరుగుదుము గాని అరుదు. లాంచీ కూత వేసినప్పుడు ఎవ్వరికిని లేవ మనసు రాలేదు.

తిరుగు ప్రయాణమున ఒక సంగతి జరిగెను. పొద్దుట మేము వ్యాసము వ్రాయనక్కరలేదని చెప్పియుంటిమి గదా! తినుబండారముల లెక్క వ్రాయుటకు తెచ్చిన నోటుపుస్తకమును ఆ పదవ తరగతి బాలిక మావద్దనుండి అడిగి తీసికొని, పెద్దమాస్టారి ప్రక్కన కూర్చుండెను. "మాస్టారూ, మీ ఊరిలో ఎన్ని వీధులు?" అనెను. వారు ఆశ్చర్యపడి, తరువాత చెప్పసాగిరి. మూడు వీధులు. ఊరి నడుమ వేపచెట్టు, దాని క్రింద రచ్చబండ. మంచినీటి బావి ఒకటి, ఉప్పునీటిది ఒకటి. కుమ్మరివాని ఆవము ఊరికి ఉత్తరమున. ఏ యింటి తరువాత ఏ యిల్లు, ఎవరి యింట ఎందరు, ఎవరు ఏ క్రొత్త ఊరికి పోయిరి అను సంగతులన్నియు వరుసగా చెప్పిరి. లెక్కల మాస్టారగుటచేత, వీధి పొడవును అడుగులలో చెప్పి, ఒకచోట తప్పు దొరలినట్లు తోచగా వెనుకకు పోయి సరిదిద్దిరి. వడ్రంగి కుమారుడు మరియొక పుటపై ఊరి పటము గీసెను. తక్కినవారు చుట్టు నిలిచి, "బడి ఎచ్చట నుండెను? పశువులను ఎచ్చట మేపెడివారు?" అని అడుగుచుండిరి. లాంచీ ఆ ఊరి మీదుగానే పోవుచున్నదో, ప్రక్కనుండి పోవుచున్నదో చెప్పుట కష్టము. నీరు అంతటను ఒక్కతీరుగానే యుండెను.

ఆ నోటుపుస్తకము ఇప్పుడు మా బడి గ్రంథాలయపు బీరువాలో నున్నది. పందొమ్మిది పుటలు నిండినవి. పెద్దమాస్టారు వారమునకొకసారి వచ్చి, జ్ఞాపకమునకు వచ్చినదానిని చేర్పించుచున్నారు. మొన్న వచ్చినప్పుడు ఉప్పునీటి బావికి గిలక లేదనియు, చేదతోనే తోడెడివారనియు వ్రాయించిరి. తమ తాతలు, అమ్మమ్మలు ఆ లోయనుండి గాని, మునిగిన మరియే ఊరినుండి గాని వచ్చినవారైనచో, పిల్లలు వారిని వెంటబెట్టుకొని ఏ శనివారమైనను రావచ్చును. బీరువా తాళపుచెవి మావద్దనే యుండును. పుస్తకములో ఖాళీ పుటలు ఇంకను చాల కలవు.